ట్యాబా, స్పేసా, రస్టా: ఒక నిఘంటువు ప్రాజెక్టులో పేచీ

ప్రశ్న: మేం ఐదుగురం కలిసి రెండేళ్లుగా ఒక తెలుగు నిఘంటువు యాప్‌ను ఓపెన్ సోర్స్‌గా నడుపుతున్నాం. ముగ్గురం హైదరాబాద్‌లో, ఒకరు విశాఖలో, మా కాలేజీ సీనియర్ ఒకాయన డాలస్‌లో. సర్వర్, పదాల పని అంతా పైథాన్, సుమారు 11,000 లైన్లు. వెబ్ పేజీలు జావాస్క్రిప్ట్. డేటా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉంది, లక్షా ఇరవై వేల ఎంట్రీలు. ఈమధ్య వచ్చిన ప్రతి పుల్ రిక్వెస్టూ (నా మార్పును కోడ్‌లో చేర్చండనే విన్నపం) కోట్స్ దగ్గరో లైన్ పొడవు దగ్గరో ఆగిపోతోంది. లైను ముందు వదిలే ఖాళీకి (ఇండెంట్) ఒకరు ట్యాబ్‌లంటారు, ఒకరు స్పేస్‌లంటారు. కామెంట్లు తెలుగులోనా ఇంగ్లీషులోనా అన్నదీ తేలలేదు. ఇంతలో డాలస్ అన్న “వెతుకులాట నెమ్మదిగా ఉంది, మొత్తం రస్ట్‌లో తిరగరాద్దాం” అన్నారు. విశాఖ మిత్రుడు “అయితే గో” అన్నాడు. రెండూ వేరే ప్రోగ్రామింగ్ భాషలు. మిగతా ముగ్గురికీ పైథాన్, జావాస్క్రిప్ట్ తప్ప రావు. అన్న మాట కాదనలేం, అవుననీ అనలేం. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఉన్నది ఒక పేచీ కాదు, మూడు. మూడూ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఏదీ తేలడం లేదు. ఖాళీలు, కోట్స్, లైన్ పొడవు ఒకటి. అది యంత్రానికి వదిలేయాల్సిన పని, ఒక శనివారం చాలు. పేర్లు, కామెంట్ల భాష రెండోది. అది మాత్రం మీరే కూర్చుని మాట్లాడుకోవాలి. పైథానా రస్టా అన్నది మూడోది. అది ముందు కొలిచి ఆ తర్వాత మాట్లాడాల్సింది. మీరు మొదటిదాని మీద నెలలు గడిపారు, రెండోదాన్ని పక్కన పెట్టారు, మూడోదాన్ని కొలవకుండానే తేల్చేయబోతున్నారు.

మొదటిది తేలిక కాబట్టి ముందు దాన్ని వదిలించుకుందాం. పైథాన్‌కు రఫ్, జావాస్క్రిప్ట్‌కు ప్రెట్టియర్ అనే ఫార్మాటర్లు (కోడ్‌ను ఒకే రూపులో సర్దే ప్రోగ్రాములు) పెట్టండి. సెట్టింగుల జోలికి పోకండి. రఫ్ మామూలుగా 88 అక్షరాల లైను, నాలుగు స్పేస్‌లు, డబుల్ కోట్స్ ఇస్తుంది. ప్రెట్టియర్ 80 అక్షరాలు, రెండు స్పేస్‌లు ఇస్తుంది. రెండు భాషలకూ ఒకే కొలత ఉండాలని పట్టుబట్టొద్దు, ఏ భాష వాళ్ల అలవాటు ఆ భాషకు. లినక్స్ కెర్నల్‌లో సీ కోడ్‌కు ఎనిమిది వెడల్పు ట్యాబ్‌లు, రస్ట్ కోడ్‌కు రస్ట్ వాళ్ల సొంత ఫార్మాటర్. ఒకే ప్రాజెక్టులో రెండూ ఉన్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

88 ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పైథాన్ వాళ్ల శైలి నియమావళి, 2001 నాటి పెప్ 8 చెప్పింది 79. జట్టు ఒప్పుకుంటే 99 దాకా పోవచ్చనీ అందులోనే ఉంది. 2018లో వచ్చిన బ్లాక్ ఫార్మాటర్ 80కి పది శాతం కలిపి 88 చేసింది, రఫ్ దాన్నే తీసుకుంది. ఇక అడగొద్దనండి. గో భాష మొదటినుంచీ ఒకే ఒక్క ఫార్మాటర్‌తో వచ్చింది. అది పెట్టే రూపు ఎవరికీ ప్రత్యేకంగా నచ్చదు గానీ ఆ ఫార్మాటర్ అంటే మాత్రం అందరికీ ఇష్టమే అని ఆ భాషను తయారుచేసిన వాళ్లలో ఒకరైన రాబ్ పైక్ 2015లో అన్నారు. మీ ఐదుగురికీ కొంచెం కొంచెం నచ్చని రూపు దొరికితే చాలు.

ట్యాబ్‌ల విషయంలో ఒక్క వాదన మాత్రం వినదగ్గది. చూపు సమస్య ఉన్నవాళ్లు ట్యాబ్ వెడల్పును తమకు తగ్గట్టు మార్చుకోగలరు, స్పేస్‌లతో అది కుదరదు. మీలో ఎవరికైనా ఆ అవసరం ఉంటే రఫ్‌లో ఇండెంట్ స్టైల్‌ను ట్యాబ్‌కు మార్చండి. ఒక్క సెట్టింగే. బ్లాక్‌లో ఆ వీలు లేదు. అవసరం లేకపోతే స్పేస్‌లతో పోనివ్వండి.

ఇక్కడ జట్లు ఎక్కువగా దెబ్బతినేది వెర్షన్ల దగ్గర. ఫార్మాటర్ వెర్షన్‌ను “ఇంతకన్నా కొత్తది ఏదైనా” అని కాకుండా అంకెతో సహా కచ్చితంగా రాసిపెట్టాలి. లేకపోతే ఒకరి మెషీన్‌లో పాతది, ఒకరి దగ్గర కొత్తది ఉండి, ఒకరు మార్చిన లైన్లను ఇంకొకరి ఎడిటర్ వెనక్కి మారుస్తూ పోతుంది. బ్లాక్ తన స్థిరమైన రూపును ఏడాదికోసారి, జనవరి విడుదలలో మారుస్తుంది. మిగతా ఫార్మాటర్లూ అడపాదడపా మారుస్తూనే ఉంటాయి. వెర్షన్ పెంచడమే ఒక కమిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒక నమోదు) కావాలి, అందులో ఇంకే పనీ కలపకూడదు.

రెండో దెబ్బ విండోస్ నుంచి. మీలో ఒక్కరు విండోస్ వాడుతున్నా, లైన్ చివర సీఆర్ఎల్ఎఫ్ (విండోస్ పద్ధతి లైను ముగింపు గుర్తు) పడితే ఒక అక్షరం మార్చినా ఫైలంతా మారినట్టు డిఫ్ (తేడాల జాబితా) కనబడుతుంది. షెల్ స్క్రిప్టులైతే లినక్స్‌లో “బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్” అని ఆగిపోతాయి. ఎవరి మెషీన్‌లో వాళ్లు గిట్ సెట్టింగ్ మార్చుకుంటారులే అనుకుంటే ఒకరు మర్చిపోతారు. ప్రాజెక్టు కోడంతా ఉండే రిపాజిటరీలోనే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి అన్ని టెక్స్ట్ ఫైళ్లకూ ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి ముగింపు గుర్తు) అని రాయండి. విండోస్ బ్యాచ్ ఫైళ్లుంటే వాటికి మాత్రం సీఆర్ఎల్ఎఫ్. తర్వాత గిట్ యాడ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి కమిట్ చేయండి. ఇది ఫార్మాటర్ కన్నా ముందు జరగాలి.

ఇప్పుడు అసలు ఫార్మాటింగ్ కమిట్. శుక్రవారం రాత్రికి పూర్తయిన పుల్ రిక్వెస్టులన్నీ మెర్జ్ చేసేయండి (కలిపేయండి). మెయిన్ బ్రాంచ్ (అసలు కోడ్ ఉండే శాఖ) మీద “ఫార్మాట్‌కు ముందు” అని ఒక ట్యాగ్ పెట్టండి. ఫార్మాటర్‌ను మొత్తం కోడ్ మీద నడిపి, చేత్తో ఒక్క అక్షరం కూడా మార్చకుండా కమిట్ చేయండి. బ్లాక్ తను మార్చాక కోడ్ అర్థం మారలేదని సింటాక్స్ ట్రీ (కోడ్ నిర్మాణాన్ని చూపే చెట్టు) పోల్చి చూసుకుంటుంది. రఫ్ ఆ పని తనంతట తాను చేయదు. అందుకని టెస్టులు నడపండి. టెస్టులు తక్కువైతే పైథాన్‌లోనే ఉన్న ఏఎస్‌టీ మాడ్యూల్‌తో పది లైన్ల స్క్రిప్ట్ రాసి, ప్రతి ఫైలుకూ ముందూ వెనకా చెట్టును పోల్చండి. డాక్‌స్ట్రింగుల్లో ఖాళీల తేడా మాత్రం కనిపిస్తుంది, అది మామూలే.

దీంతో గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపేది) పాడవుతుందని, ఏ లైను చూసినా ఫార్మాట్ చేసిన మనిషి పేరే వస్తుందని ఎవరైనా అడ్డు చెప్తే, ఆ మాట ఒకప్పుడు నిజమే. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఫలానా కమిట్లను వదిలేసి చూడమని బ్లేమ్‌కు చెప్పొచ్చు. ఆ కమిట్ హ్యాష్‌ను (దాని గుర్తింపు సంఖ్యను) ఇగ్నోర్ రెవ్స్ ఫైలులో రాసిపెడితే గిట్‌హబ్ దాన్ని తనంతట తానే చదువుతుంది. మెషీన్‌లో మాత్రం ప్రతి ఒక్కరూ బ్లేమ్ సెట్టింగ్‌లో ఆ ఫైలు పేరు ఒకసారి ఇవ్వాలి. ఇందులో రెండు గోతులున్నాయి. మీరు స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నిటినీ ఒక్కటిగా చేసి కలపడం) వాడుతుంటే మెర్జ్ అయ్యాక హ్యాష్ మారిపోతుంది. అందుకని ముందు మెర్జ్ చేసి, మెయిన్‌లో పడిన హ్యాష్‌ను చూసి, దాన్ని రెండో కమిట్‌లో రాయాలి. ఇక ఆ సెట్టింగ్‌ను గ్లోబల్‌గా పెట్టుకుంటే ఆ ఫైలు లేని మీ మిగతా ప్రాజెక్టులన్నిట్లో బ్లేమ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఈ రిపాజిటరీ వరకే పెట్టుకోండి.

పని సగంలో ఉన్న బ్రాంచ్‌లు మీకు తప్పకుండా ఉంటాయి. వాటిని నేరుగా కొత్త మెయిన్‌తో మెర్జ్ చేస్తే వందల కాన్‌ఫ్లిక్టులు (ఒకదానితో ఒకటి పొసగని మార్పులు). చేయాల్సిన వరుస ఇది: బ్రాంచ్‌లోకి మొదట “ఫార్మాట్‌కు ముందు” ట్యాగ్‌ను మెర్జ్ చేయండి, నిజమైన కాన్‌ఫ్లిక్టులుంటే అప్పుడే తీర్చేయండి. తర్వాత అదే వెర్షన్ ఫార్మాటర్‌ను, అదే సెట్టింగుల ఫైలుతో బ్రాంచ్ మీద నడిపి కమిట్ చేయండి. ఆ తర్వాత ఫార్మాటింగ్ కమిట్‌ను “అవర్స్” స్ట్రాటజీతో (మన బ్రాంచ్‌లోని కోడ్‌నే ఉంచే పద్ధతి) మెర్జ్ చేయండి. ఇక్కడ స్ట్రాటజీ వేరు, అదే పేరున్న స్ట్రాటజీ ఆప్షన్ వేరు. చిన్న ‘ఎస్’ ఫ్లాగ్‌తో ఇచ్చేది మొదటిది, పెద్ద ‘ఎక్స్’తో ఇచ్చేది రెండోది. మీకు కావాల్సింది మొదటిది, అదీ ఆ ఒక్క కమిట్‌కే. ఆ తర్వాత మెయిన్‌లోకి వచ్చిన వాటిని మామూలుగా మెర్జ్ చేయాలి. పొరపాటున వాటికీ అవర్స్ వాడితే మిగతావాళ్ల పని చడీచప్పుడూ లేకుండా మాయమవుతుంది.

ఇక కమిట్‌కు ముందు నడిచే హుక్‌లు పెట్టుకోండి గానీ వాటిని నమ్ముకోకండి. నో వెరిఫై అని ఒక్క ఫ్లాగ్ ఇస్తే అవి పక్కకు తప్పుకుంటాయి. సీఐలో (ప్రతి మార్పునూ సర్వర్ మీద తనంతట తానే పరీక్షించే ఏర్పాటు) ఫార్మాటర్‌ను చెక్ ఆప్షన్‌తో నడిపి, తేడా ఉంటే ఎరుపు చూపించండి. సీఐ తనే సరిచేసి కమిట్ చేసే ఏర్పాటు సౌకర్యంగా కనబడుతుంది గానీ, రాసినవాళ్ల దగ్గరున్న బ్రాంచ్‌కూ సర్వర్‌లోని బ్రాంచ్‌కూ తేడా వచ్చి కొత్తగా చేరిన వాళ్లు తికమకపడతారు. ఇవన్నీ అయిన రోజు నుంచి ఒక నియమం: ఫార్మాటర్ పట్టించుకోని ఖాళీల గురించి రివ్యూలో ఎవరూ మాట్లాడకూడదు.

లింటర్ సంగతి వేరు. అది రూపు కాదు, తప్పులు పట్టేది. రఫ్ మొదట్లో ఆన్ చేసి ఇచ్చే చిన్న జాబితాతోనే మొదలుపెట్టండి. వాడని ఇంపోర్టులు, లేని పేర్లు, సింటాక్స్ తప్పులు అందులో వస్తాయి. అన్ని నియమాలూ ఒకేసారి ఆన్ చేస్తే రెండు వేల హెచ్చరికలు వచ్చి వారంలో అందరూ చూడటం మానేస్తారు. జావాస్క్రిప్ట్ లింటర్ అయిన ఈఎస్‌లింట్ తన ఫార్మాటింగ్ నియమాలను 2023లో పక్కన పెట్టేసింది, ఆ పని ప్రెట్టియర్‌దే. రూపుకూ తప్పుకూ మధ్య తేడా ఎంతో 2014లో యాపిల్ ఎస్ఎస్ఎల్ (నెట్ కనెక్షన్ల భద్రత) కోడ్‌లో బయటపడింది. “గోటూ ఫెయిల్” అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేని ఇఫ్ కింద రెండోది కూడా లోపలే ఉన్నట్టు కనబడింది గానీ ఎప్పుడూ నడిచేది, దాంతో సంతకం పరీక్ష జరగకుండానే దాటిపోయేది. కంటికి ఇండెంట్ చక్కగానే ఉంది. 2016లో సీ కంపైలర్ జీసీసీ 6 ఇలాంటి మోసపుచ్చే ఇండెంట్ మీద హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది. మీ పట్టుదలంతా ఇలాంటి నియమాల మీద చూపించండి.

ఇప్పుడు మీరు పక్కన పెట్టిన రెండో పేచీకి వద్దాం. నిఘంటువు ప్రాజెక్టులో అసలు స్టైల్ అంటే పేర్లే. ‘ఒత్తు’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు రెండు ‘టి’లతో రాస్తారు, ఒకరు ‘టి’ పక్కన ‘హెచ్’ పెడతారు, ఇంకొకరు ముందు ‘వి’ చేర్చి వత్తు అంటారు. నాలుగో మనిషి వచ్చి ‘కాంజంక్ట్’ అని ఇంగ్లీషులో రాస్తాడు. నాలుగూ ఒకటేనని కోడ్‌లో వెతికే మనిషికి ఎలా తెలుస్తుంది? ఏ ఫార్మాటరూ దీన్ని పట్టుకోలేదు.

తెలుగు లిపిలోనే పేర్లు పెట్టేస్తే పోదా అని అడగొచ్చు. పైథాన్ 3 ఒప్పుకుంటుంది, రస్ట్ 2021లో వచ్చిన 1.53 నుంచి ఒప్పుకుంటుంది. గో ఒప్పుకోదు: దాని నియమం ప్రకారం పేరులో యూనికోడ్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. మన గుణింతపు గుర్తులు, పొల్లు ఆ లెక్కలో అక్షరాలు కావు. ‘పద’ అని పెట్టొచ్చు, ‘తెలుగు’ అని పెట్టలేరు. పైగా గోలో ప్యాకేజీ బయటికి కనబడాల్సిన పేరు పెద్దక్షరంతో మొదలవ్వాలి, మన లిపిలో పెద్దా చిన్నా ఎక్కడివి? ఒప్పుకునే భాషల్లోనూ నా సలహా వద్దనే. కీబోర్డు మార్చుకుంటూ టైప్ చేయడం విసుగు. అంతకన్నా పెద్ద చిక్కు, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా కనబడటానికి దాన్ని వాడతాం. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, ఒకరిది పెట్టదు. పైథాన్ పేరులో దాన్ని ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది, అంటే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు వేర్వేరు వేరియబుళ్లు తయారవుతాయి.

నేను చెప్పేది: రిపాజిటరీలో ఒక పదాల పట్టిక పెట్టండి. ముప్పై నలభై మాటలు చాలు. యూనికోడ్ పేరు పెట్టిన గుర్తులకు యూనికోడ్ పేరే వాడండి: పొల్లుకు ‘విరామ’, సున్నకు ‘అనుస్వార’, అరసున్నకు ‘చంద్రబిందు’, స్పెల్లింగ్ కూడా యూనికోడ్ పట్టికలో ఉన్నదే. మన వ్యాకరణానికే చెందిన మాటలకు (తత్సమం, దేశ్యం, ద్రుతం, ఆమ్రేడితం) ఇంగ్లీషు అనువాదాలు వెతక్కండి, తెలుగు మాటనే ఒక్క స్పెల్లింగ్‌తో పట్టికలో రాసి అదే అన్నిచోట్లా వాడండి. ఆ స్పెల్లింగ్ మీద ఎంతసేపైనా వాదించుకోండి, ఆ వాదనకు ఫలం ఉంది. మిగతా సాధారణ పేర్లు ఇంగ్లీషులోనే.

కామెంట్ల సంగతి రాసేదాన్ని బట్టి, చదివేవాళ్లను బట్టి. సంధి ఎందుకు అలా విడగొట్టారో, ఫలానా పదాన్ని ఎందుకు మినహాయించారో చెప్పే కామెంట్ తెలుగులో ఉండటమే మేలు. దాన్ని ఇంగ్లీషులో రాయబోతే రాసినవాళ్లకే తర్వాత అర్థం కాదు, ఆ కోడ్ ముట్టుకునేవాళ్లకు తెలుగు ఎలాగూ వచ్చి ఉండాలి. సర్వర్, బిల్డ్, డేటాబేస్ కోడ్‌లో ఇంగ్లీషు కామెంట్లు, ఎందుకంటే అక్కడ సాయం చేయడానికి తెలుగు రాని మనిషి రావచ్చు. కమిట్ సందేశాలు ఇంగ్లీషు. తెలుగు కామెంట్లను నిలువు వరుసలో సర్దే అలవాటు మాత్రం పూర్తిగా మానండి. మన అక్షరాలకు ఒకే వెడల్పు ఉండదు, ఒక ఫాంట్‌లో కుదిరింది ఇంకో ఫాంట్‌లో కుదరదు. ఇంకో చిన్న తనిఖీ కూడా డేటా మీద పెట్టండి: తెలుగు అంకె సున్నా ‘౦’, అనుస్వారం ‘ం’ చూపుకి ఒకేలా ఉంటాయి. పదం మధ్యలో అంకె పడిందేమో సీఐలో చూడండి. తప్పకుండా కొన్ని దొరుకుతాయి.

ఇక రస్ట్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. వెతుకులాట నెమ్మదిగా ఉందని అన్నగారు అన్నారు సరే, ఎన్ని మిల్లీసెకన్లు? అందులో పైథాన్‌లో గడిచింది ఎంత, డేటాబేస్‌లో ఎంత, నెట్‌వర్క్‌లో ఎంత? ఏ ఫంక్షన్‌కు ఎంత సమయం పడుతోందో చూపే సీప్రొఫైల్ నడిపి చూడండి. మీ లెక్కలు చూస్తే అనుమానం పైథాన్ మీద కాదు, ఎస్‌క్యూలైట్ మీద పడుతుంది. ‘తెలు’తో మొదలయ్యే పదాలన్నీ ఇమ్మని లైక్ అనే ఆదేశంతో అడుగుతున్నారా? ఎస్‌క్యూలైట్‌లో లైక్ మామూలుగా ఇంగ్లీషు అక్షరాల పెద్దాచిన్నా తేడా చూడదు, మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే పట్టిక) మాత్రం ఆ తేడా చూస్తుంది. రెండూ పొసగవు కాబట్టి ఇండెక్స్ ఉన్నా దాన్ని వదిలేసి లక్షా ఇరవై వేల వరుసలూ చదువుతుంది. ‘ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్’ అని అడిగితే ‘స్కాన్’ అని చెప్తుంది. లైక్ బదులు, పెద్దాచిన్నా తేడా చూసే గ్లాబ్ వాడితే అదే ‘సెర్చ్’ అవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నారేమో ముందు చూడండి.

అంతకన్నా తేలిక దారి, పదాలన్నిటినీ సర్వర్ మొదలైనప్పుడు వరుసలో పెట్టి మెమరీలో ఉంచి బైసెక్ట్‌తో (ప్రతి పోలికకూ జాబితాను సగానికి తగ్గిస్తూ) వెతకడం. రెండును పదిహేడుసార్లు హెచ్చిస్తే 1,31,072. అంటే మీ నిఘంటువులో ఏ పదం చోటైనా 17 పోలికల్లో దొరుకుతుంది. ఆ పని రస్ట్‌లో చేస్తే ఇంకా వేగమే, కానీ వాడేవాళ్లకు ఆ తేడా తెలియదు. అర్థాల లోపల వెతకాలంటే ఎస్‌క్యూలైట్ వాళ్లదే ఎఫ్‌టీఎస్5 ఉంది. అయితే దాని మామూలు టోకెనైజర్ (వాక్యాన్ని పదాలుగా విడగొట్టేది) అక్షరాలు, అంకెలను మాత్రమే పదంలో భాగం అనుకుంటుంది, గుణింతం వచ్చిన ప్రతిచోటా పదాన్ని విరగ్గొడుతుంది. కేటగిరీస్ ఆప్షన్‌లో ఎంఎన్, ఎంసీ అనే రెండు వర్గాలను (మన గుణింతపు గుర్తులు వీటిలోకే వస్తాయి) చేర్చితేనే తెలుగుకు పనికొస్తుంది. ఇది తెలియక ‘ఎఫ్‌టీఎస్ తప్పుడు ఫలితాలిస్తోంది’ అని వదిలేసేవాళ్లు చాలామంది.

భాష మారిస్తే మీ పనిలో నిజంగా ఏం మారుతుందో కూడా చూడండి. ‘తెలుగు’ అన్న మాట పొడవెంత? పైథాన్, జావాస్క్రిప్ట్ 6 అంటాయి, గుణింతాలు విడిగా లెక్కపెట్టి. గో, రస్ట్ 18 అంటాయి, అవి బైట్లు, యూటీఎఫ్-8లో మన ఒక్కో గుర్తూ మూడు బైట్లు. చదివేవాళ్లకు అది 3 అక్షరాలు. పైథాన్‌లో మొదటి మూడు తీసుకుంటే ‘తెల’ వస్తుంది, కొమ్ము పోయింది. గోలో మొదటి నాలుగు బైట్లు తీస్తే ‘త’ తర్వాత ముక్కైన బైటు మిగులుతుంది. రస్ట్‌లో అదే చేస్తే ప్రోగ్రామ్ పానిక్ అయి ఆగిపోతుంది. ఏ భాషా మీకు అక్షరాలను ఊరికే ఇవ్వదు, లైబ్రరీ కావాలి. ఆ లైబ్రరీల్లోనూ వెర్షన్ తేడా ఉంది: ‘క్షమ’ను పాత యూనికోడ్ నియమం ‘క్’, ‘ష’, ‘మ’ అని మూడు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన 15.1 నుంచి తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తులు కలిసే ఉంటాయి, కాబట్టి రెండు. సర్వర్‌లో పాత లైబ్రరీ, ఫోన్‌లో కొత్త బ్రౌజర్ ఉంటే ఇద్దరి లెక్కా కుదరదు. యాభై పదాలకు సరైన విభజన ఒక జేసన్ ఫైలులో రాసి, పైథాన్ టెస్టులూ జావాస్క్రిప్ట్ టెస్టులూ ఆ ఒక్క ఫైలునే చదివేలా పెట్టండి. ఏ భాషకు మారినా మారకపోయినా ఈ ఫైలు మీకు పనికొస్తుంది.

తిరగరాయడమే తప్పని కాదు. ఫిష్ షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలు అందుకునే ప్రోగ్రామ్) వాళ్లు 2023 మొదట్లో సీ ప్లస్ ప్లస్ నుంచి రస్ట్‌కు మొదలుపెట్టి, రెండు భాషలూ పక్కపక్కన నడిపిస్తూ ముక్కముక్కగా మార్చి, 2025 ఫిబ్రవరిలో 4.0 విడుదల చేశారు. అంటే బాగా నడుస్తున్న జట్టుకే రెండేళ్లు. టైప్‌స్క్రిప్ట్ (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) కంపైలర్‌ను వేరే భాషలోకి మారుస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించినప్పుడు ఎంచుకున్నది గో. ప్రకటించినది సీ షార్ప్‌ను రూపొందించిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ కావడంతో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. కారణం సాదా: పాత కోడ్ నిర్మాణం గోలోకి దాదాపు ఉన్నదున్నట్టు దిగుతుంది. ఇష్టం కాదు, పోలిక చూసి ఎంచుకున్నారు.

ఖర్చు వేరేవాళ్ల మీద పడిన ఉదాహరణా ఉంది. పైథాన్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీ 2021 ఫిబ్రవరిలో 3.4 వెర్షన్‌లో బిల్డ్‌కు రస్ట్ తెచ్చింది. భద్రత దృష్ట్యా మంచి నిర్ణయమే. కానీ ఆల్పైన్ లినక్స్ కంటైనర్లలో, పాత పిప్ (పైథాన్ ప్యాకేజీలను దించుకునేది) ఉన్నచోట ముందే కట్టిన ప్యాకేజీ దొరక్క, రస్ట్ కంపైలర్ లేదన్న ఎర్రర్‌తో ఎందరి బిల్డులో ఆగిపోయాయి. వాళ్లలో చాలామందికి తాము ఆ లైబ్రరీ వాడుతున్నామనే తెలియదు.

కొత్త భాష ఒకటి చేరితే ఇంకో ఫార్మాటర్, ఇంకో లింటర్, సీఐలో ఇంకో వరుస, ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ ఇంకో బిల్డ్, డిపెండెన్సీల హెచ్చరికలకు ఇంకో జాబితా. వీటన్నిటికన్నా నేను ముందు అడిగేది ఒకటే: ఆ భాష తెచ్చిన మనిషి ఆరు నెలలు కనబడకపోతే, రివ్యూ చేసి సరిదిద్దగలవాళ్లు ఇంకా ఇద్దరున్నారా? మీ దగ్గర రస్ట్‌కు ఒక్కరు, గోకు ఒక్కరు. అంతే. కొలిచాక నిజంగా ఒక ఫంక్షన్ దగ్గరే సమయం పోతోందని తేలితే ఆ ఒక్కదాన్ని, రస్ట్‌ను పైథాన్‌తో కలిపే పైఓ3తో రస్ట్‌లో రాసి, పైథాన్ రూపాన్ని కూడా అలాగే ఉంచి, రెండిటికీ అవే టెస్టులు పెట్టండి. గో అయితే విడిగా నడిచే సర్వీస్‌కు బాగుంటుంది, పైథాన్ లోపలికి దూర్చడానికి కాదు. మీకు ఇప్పుడు విడి సర్వీస్ అవసరం కనబడటం లేదు.

ఒక్కోసారి రస్ట్ కావాలనడం వెనక వేగం ఉండదు, టైపులుంటాయి (ఏ విలువ ఏ రకమో ముందే చెప్పి తప్పులు పట్టడం). అన్నగారిని అదీ అడగండి. అదే అయితే పైథాన్‌కు టైప్ హింట్లు, వాటిని సరిచూసే మైపై. జావాస్క్రిప్ట్‌కు ఫైళ్లు మార్చకుండానే టైప్‌స్క్రిప్ట్‌లోని చెక్ జేఎస్. ఒక్కో ఫైలూ ఒక్కో వారం చేసుకుంటూ పోవచ్చు.

మిగిలింది అన్న మాట కాదనలేకపోవడం. దీన్ని వీడియో కాల్‌లో తేల్చకండి. డాలస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. ఎవరో ఒకరు నిద్రకళ్లతో ఉంటారు, ఆ పైన పెద్దాయన మొదట మాట్లాడితే మిగతావాళ్లు తలూపుతారు. రాతలో పెట్టండి. ఏడు రోజుల గడువు, ప్రతి ఒక్కరూ తమ కొలతను, తమ అభిప్రాయాన్ని ఇంకొకరిది చదవకముందే పంపాలి. మౌనం అంగీకారం కిందే లెక్క అని మొదటి లైన్లోనే రాయండి. ఐదుగురున్నారు, ముగ్గురి మాట నెగ్గుతుందని ముందే ఒప్పుకోండి. పైథాన్‌కే 2018లో వాల్‌రస్ ఆపరేటర్ అనే కొత్త గుర్తు మీద గొడవతో విసిగి, ఆ భాషను సృష్టించిన గైడో వాన్ రోసమ్ పెద్దరికం వదులుకున్నారు. ఆ తర్వాత ఓటుతో ఎన్నికైన ఐదుగురి మండలి నడుపుతోంది.

అన్నగారికి పంపడానికి ముసాయిదా ఇదిగో, అంకెలు మీరు నింపుకోండి:

“అన్నా, వెతుకులాట గురించి మీరన్నది నిజమే, కొలిచాం. ‘తెలు’కు సగటున ఫలానా మిల్లీసెకన్లు, అందులో డేటాబేస్‌లో ఇంత, పైథాన్‌లో ఇంత. లైక్ బదులు గ్లాబ్ పెట్టాక ఇంతకు తగ్గింది. యాభై మిల్లీసెకన్ల లోపు రావాలని లక్ష్యం పెట్టుకుందాం. ఇంకా పైనే ఉంటే ఏ ఫంక్షన్‌లో సమయం పోతోందో చూసి, దాన్ని రస్ట్‌లో మీరు రాస్తే మాలో ఇద్దరం మీతో కూర్చుని నేర్చుకుంటాం. ఆ ఇద్దరం రివ్యూ చేయగలిగే దాకా అది మెయిన్‌లోకి రాదు. మీ అభిప్రాయం వచ్చే ఆదివారం మీ రాత్రి తొమ్మిదిలోపు రాయండి. అందరివీ ఒకేసారి తెరుస్తాం. ఏ నిర్ణయమైనా ఒక పేజీగా రాసి రిపాజిటరీలో పెడతాం, కొత్త కొలత వస్తే తప్ప ఏడాది దాకా దాన్ని మళ్లీ తెరవం.”